రంగుల పెట్టె: మార్కర్ల మీద మీ ప్రశ్నలు

పోయిన నెల నీటిరంగుల గురించి రాస్తూ చివర్లో మార్కర్ల ఊసు ఒక్క వాక్యంలో ఎత్తాను. అంతే, ఉత్తరాలు వచ్చిపడ్డాయి. కొందరి ఇళ్లలో పిల్లలు అడుగుతున్నారట, కొందరు తామే మొదలుపెట్టి మధ్యలో చిక్కుకున్నారట. అందుకే ఈసారి పేజీ మొత్తం వాటికే.

ముందు నా సంగతి ఒక్క ముక్క చెప్పాలి, కింద రాసేవన్నీ అక్కణ్ణించి వచ్చినవే కాబట్టి. 1994లో మాసబ్‌ట్యాంక్ దగ్గర ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసులో చేరాను. కట్టబోయే ఇల్లు ఎలా ఉంటుందో గీసి, రంగులేసి చూపించడం నా పని. మొదటిరోజు మా పెద్దాయన నా ముందు ఐదు మార్కర్లు పెట్టారు. ఐదూ బూడిదరంగే, లేతనుంచి ముదురుదాకా. ఆరు నెలలు ఇంకో రంగు ముట్టుకోనివ్వలేదు. "తెలుపు మన దగ్గర లేదమ్మా, కాగితం దగ్గరుంది. ముందే అడిగి పెట్టుకోవాలి" అనేవారు. అప్పుడు నాకు ఏడుపొచ్చేది. ఇప్పుడు నల్లకుంటలో మా ఇంట్లో ఆదివారాలు పిల్లలకి నేర్పేటప్పుడు నేనూ బూడిదరంగుతోనే మొదలుపెడుతున్నాను.

ప్రశ్న: మా బాబు ఎనిమిదో తరగతి. జపాన్ కార్టూన్ బొమ్మలు బాగా వేస్తాడు. 168 రంగుల మార్కర్ల సెట్ కావాలని నెల రోజులుగా ఒకటే గోల. నిజంగా అన్ని కావాలా? ఇంట్లో ఉన్న స్కెచ్ పెన్నులకీ వీటికీ తేడా ఏమిటి? - ఒక తల్లి, వనస్థలిపురం

తేడా చాలా ఉందండి, ఆ విషయంలో మీ బాబు మాట నిజమే. స్కెచ్ పెన్నులో ఉండేది నీళ్ల ఇంకు. ఒకసారి రుద్దిన చోట ఇంకోసారి రుద్దితే కాగితం నాని పొట్టు లేస్తుంది. గీత పక్కన గీత పెడితే రెండూ విడివిడిగా కనిపిస్తాయి. మీ బాబు అడుగుతున్న మార్కర్లలో రంగు ఆల్కహాల్‌లో కరిగి ఉంటుంది. కాగితం మీద పెట్టగానే పాకి, కొద్ది క్షణాల్లో ఆల్కహాల్ ఆవిరైపోతుంది, రంగు మిగులుతుంది. దానిమీద మళ్లీ తడి మార్కర్ పెడితే ఎండిన రంగు కొంచెం కరిగి కొత్తదాంతో కలుస్తుంది. ఈ కరిగే గుణమే అసలు విద్యంతా. దీనివల్లే రెండు రంగులు అతుకు తెలియకుండా కలుస్తాయి.

ఈ రకంలో అందరూ చెప్పుకునేది కాపిక్. జపాన్‌కి చెందిన టూ అనే కంపెనీ 1987లో తెచ్చింది. జిరాక్స్ తీసిన బొమ్మ మీద రంగేస్తే నల్లగీత కరిగి అలుక్కుపోకూడదని తయారుచేశారు. కాపీ అన్న మాటనుంచే ఆ పేరు వచ్చింది. ఇప్పుడు వాటిలో 358 రంగులున్నాయి. ఇంకు అయిపోతే నింపుకోవచ్చు, అరిగిన నిబ్ మార్చుకోవచ్చు. కాకపోతే ఒక్కొక్కటే వందల్లో ఉంటుంది. నేర్చుకునే పిల్లాడికి అంత అక్కర్లేదు. బ్రస్ట్రో, ఒహుహు లాంటివి సెట్లుగా చాలా తక్కువలో దొరుకుతున్నాయి, వాటితో హాయిగా మొదలుపెట్టొచ్చు. ఒకవైపు ఉలిలా వెడల్పు నిబ్, రెండోవైపు బ్రష్ నిబ్ ఉన్నవి చూడండి. పిల్లలకి బ్రష్ నిబ్‌తోనే ఎక్కువ పని.

ఇక 168 సంగతి. వద్దు. డబ్బు గురించి మాత్రమే చెప్పడంలేదు. పెద్ద పెట్టె ఉన్న పిల్లాడు ప్రతి చోటికీ కొత్త రంగు వెతుక్కుంటాడు, ఏ ఒక్కదాని స్వభావమూ తెలుసుకోడు. మా క్లాసులో ఒకమ్మాయి రెండేళ్లు ఆరంటే ఆరు మార్కర్లతో వేసింది. ఏది ఎంత పాకుతుందో, ఏది ఎండాక ఎంత తేలుతుందో కళ్లు మూసుకుని చెప్పేది. పక్కనే పెద్ద పెట్టెతో వచ్చినవాళ్లు ఆ అమ్మాయి బొమ్మలు చూడ్డానికి లేచొచ్చేవాళ్లు.

అలాగని 24 రంగుల చిన్న సెట్ కూడా ఆలోచించకుండా కొనకండి. చాలా సెట్లలో ఎరుపొకటి, నీలమొకటి, ఆకుపచ్చొకటి, ఇలా తలా ఒకటి ఉంటాయి. వాటితో కలపడం కుదరదు. ఒకే రంగులో లేత, మధ్య, ముదురు మూడూ ఉంటేనే గుండ్రటి వస్తువు గుండ్రంగా కనిపిస్తుంది. విడిగా అమ్మే చోట కొంటే నేనైతే 18 తీసుకుంటాను: వెచ్చటి బూడిద (కాస్త గోధుమ కలిసినట్టుండేది) 3, గోధుమ 4, పసుపు నుంచి నారింజదాకా 3, ఆకుపచ్చ 3, నీలం 3, ఎరుపు 2. నలుపు నల్లపెన్ను చూసుకుంటుంది. మిగిలిన డబ్బు కాగితానికి పెట్టండి.

పెన్నులు ఇంటికి రాగానే బాబు చేత ఒక పని చేయించండి. బొమ్మ వేసే కాగితం మీదే చిన్న గళ్లు గీసి, ఒక్కో గడిలో ఒక్కో రంగు నింపి, కింద దాని నంబరు రాయమనండి. మూత మీద కనిపించే రంగు, కాగితం మీద పడే రంగు ఒకటి కావు. ప్రతి గడిలో సగం మీద రెండోసారి వెయ్యమనండి, ఎంత ముదురుతుందో తెలుస్తుంది. ఆ కాగితం పక్కన లేకుండా నేనిప్పటికీ బొమ్మ మొదలుపెట్టను. గది కిటికీ మాత్రం తెరిచి ఉంచండి, ఆ వాసన మూసిన గదిలో మంచిది కాదు. మీకు ఇంకా చిన్నపిల్లలుంటే వాళ్లకి స్కెచ్ పెన్నులే ఇవ్వండి.

ప్రశ్న: నేను ఇంటర్ సెకండియర్. మార్కర్ కొని ఏడాదైంది. ఎన్నిసార్లు వేసినా చారలు చారలుగా వస్తుంది. లేత నుంచి ముదురుకి వెళ్లే చోట మచ్చలా కనిపిస్తుంది. వీడియోల్లో వాళ్లకి మాత్రం వెన్నలా కలిసిపోతుంది. నా చెయ్యి బాగాలేదా, పెన్నులు బాగాలేవా? - కూకట్‌పల్లి

నాన్నా, ముందు లేచి ఫ్యాన్ ఆపెయ్యి.

నిజంగానే చెబుతున్నాను. హైదరాబాద్ ఎండాకాలంలో నెత్తిమీద ఫ్యాన్ గిరగిరా తిరుగుతుంటే నువ్వు రెండో గీత గీసేలోపే మొదటిది ఎండిపోతుంది. ఎండిన అంచు మీద తడి గీత ఎక్కితే అక్కడ రెండు పొరల రంగు పడుతుంది. నీకు కనిపించే చార అదే. అంచు తడిగా ఉండగానే పక్క గీత దాన్ని అంటుకోవాలి. కిటికీ తెరుచుకో, ఫ్యాన్ ఆ పది నిమిషాలూ వద్దు.

రెండోది వేగం. భయపడి మెల్లగా గీస్తే పెన్ను ఆగిన ప్రతిచోటా ఇంకు చుక్కలా పరుచుకుంటుంది. గీత చివర ఆపకుండా పెన్ను పైకి లేపెయ్యాలి, బస్సు కదులుతుంటే దిగినట్టు. అలా లేపితే గీత మొదట్లో గాఢంగా, చివర సన్నగా పల్చబడి వస్తుంది. ముదురు రంగు లేతలోకి జారేది ఈ పల్చటి కొసల మీదే.

ఇప్పుడు ఒక మామిడిపండు వేద్దాం. బంగినపల్లి. నిజం పండు తెచ్చి బల్లమీద పెట్టుకో, కిటికీ ఎడమవైపు ఉండేలా కూర్చో. మూడు పెన్నులు: నిమ్మపసుపు, ముదురు పసుపు, లేత నారింజ. పక్కన ఒక లేత బూడిద.

పెన్సిల్‌తో ఆకారం గీసుకుని, రబ్బరుతో కనీకనపడనంతగా తేల్చెయ్యి. పెన్సిల్ మసి పసుపులో కలిస్తే పండు మురిగ్గా కనిపిస్తుంది, తరవాత చెరపనూ లేవు. అప్పుడు పండువంక చూడు. దాని ఎడమ భుజం మీద కిటికీ వెలుగు పడి మెరిసే చోటుంటుంది, చిటికెనవేలి గోరంత. ఆ చోటు ఇప్పుడే నిర్ణయించుకో. అక్కడికి పెన్ను పోదు, చివరిదాకా పోదు. మా పెద్దాయన అడిగి పెట్టుకోమన్నది ఇదే.

నిమ్మపసుపుతో మిగతా పండంతా నింపు, గబగబా, పండు వంపు ఎటు తిరిగితే గీత అటు. తడి ఉండగానే ముదురు పసుపు తీసుకుని కుడి అంచునుంచీ కిందినుంచీ లోపలికి నెలవంకల్లా లాగి, కొసలు లేపెయ్యి. వెంటనే మళ్లీ నిమ్మపసుపుతో ఆ రెండు రంగులూ కలిసే చోట రుద్దు. చాలామంది చెయ్యనిది ఇదే. ముదురు వేశాక లేతకి తిరిగి రారు. లేత పెన్నులోని తడి ముదురు కొసల్ని కరిగించి తనలోకి లాక్కుంటుంది, మచ్చ కాస్తా నీడవుతుంది. తరవాత నారింజ, పండు అడుగున బల్లకి ఆనే చోటా, తొడిమ దగ్గర గుంటలోనూ, కొంచెమే. మళ్లీ ముదురు పసుపుతో దాని అంచు కరిగించు.

ఇక పెన్నులు మూతపెట్టి ఐదు నిమిషాలు ఆగు. తడిమీద రంగు ముదురుగా కనిపిస్తుంది, ఎండాక ఒక మెట్టు తేలిపోతుంది. తడిమీద చూసి సరిపోయిందనుకుంటే ఎండాక పాలిపోతుంది, చాల్లేదని ఇంకా పోస్తే కాగితం నిండిపోయి రంగు గీత దాటి పాకుతుంది. ఆరాక చూసి, కావలసిన చోట రెండో విడత వెయ్యి. చివర్న బల్లమీద నీడ బూడిదతో. ఆ నీడలో, పండు పక్కనే, ఒక్క గీత పసుపు కూడా కలుపు. పండు రంగు బల్లమీద పడుతుందిగా, తల వంచి చూస్తే కనిపిస్తుంది. ఆ ఒక్క గీతతో పండు బల్లమీద కూర్చుంటుంది, లేకపోతే గాల్లో తేలుతుంది.

ఇదే పండు వారం రోజులు వెయ్యి, రోజుకొకటి. పండు రోజురోజుకీ మారుతుంది, మచ్చలు పడతాయి, అవీ వెయ్యి. ఆదివారానికి ఏడు కాగితాలూ వరసగా పెట్టుకుని చూడు. నీ చేతికీ పెన్నులకీ ఏ లోపమూ లేదని నాకు ఇక్కణ్ణించే తెలుసు.

రంగులేని బ్లెండర్ పెన్ను గురించి నువ్వు అడగలేదు గానీ, కొనబోతున్నావేమోనని చెబుతున్నాను. అందులో ఉత్త ఆల్కహాలే ఉంటుంది. అది రంగుల్ని కలపదు, ఉన్న రంగుని పక్కకీ లోపలికీ తోస్తుంది. అంచు దాటిన రంగుని వెనక్కి నెట్టడానికి, ఆకు మీద మంచు చుక్కల్లాంటివి తీసుకురావడానికి బాగుంటుంది. రంగుల్ని కలిపేది మాత్రం అదే రంగు కుటుంబంలోని లేత పెన్నే.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. మార్కర్ వేస్తే కాగితం వెనక్కి దిగిపోతోంది, కింది పేజీ కూడా పాడైంది. పైగా పెన్నుతో గీసిన అవుట్‌లైన్ అంతా అలుక్కుపోయి మొహం నల్లగా అయింది. - సికింద్రాబాద్

తల్లీ, వెనక్కి దిగడం తప్పు కాదు, ఆల్కహాల్ ఇంకు స్వభావమే అది. కింద ఒక మందపాటి అట్ట పెట్టుకో, పేజీకి ఒకవైపే వెయ్యి. స్కూల్ డ్రాయింగ్ పుస్తకం కాగితం గరుగ్గా ఉండి ఇంకుని దూదిలా పీల్చేస్తుంది, అందుకే అంచులు దాటి పాకుతోంది. నునుపైన కాగితం కావాలి. మార్కర్ ప్యాడ్ అని అడిగితే ఇస్తారు, పల్చగానే ఉంటుంది గానీ ఇంకు వెనక్కి దిగకుండా దానికి పూత ఉంటుంది. అది ఖరీదనిపిస్తే ఐవరీ కార్డ్ అడుగు, 200 జీఎస్‌ఎం (కాగితం మందాన్ని చెప్పే లెక్క) పైన ఉన్నది. విజిటింగ్ కార్డులు, శుభలేఖలు అచ్చువేసే అట్ట అది. చార్మినార్ దగ్గర ఛత్తా బజార్‌లో శుభలేఖల ప్రెస్సులు వరసగా ఉంటాయి, నాన్నగారు అటు వెళ్లినప్పుడు కత్తిరించగా మిగిలిన ముక్కలు అడిగి తెమ్మను. నేను చాలా ఏళ్లు వాటిమీదే సాధన చేశాను. తళతళ మెరిసే ఆర్ట్ కార్డు మాత్రం వద్దు, ఇంకు లోపలికి దిగదు, వేలు తగిలితే చెరుగుతుంది. ఏ కాగితమైనా ముందు చిన్న ముక్క మీద వేసి చూశాకే బొమ్మకి వాడు.

మొహం నల్లబడింది బాల్ పెన్ వల్ల. దాని ఇంకు ఆల్కహాల్‌కి కరుగుతుంది. పిగ్మెంట్ ఇంకున్న, అంటే రంగు కరిగిపోకుండా సన్నటి పొడిగా ఉండే ఇంకున్న సన్న పెన్నులు వేరే ఉంటాయి, పిగ్మా మైక్రాన్ లాంటివి. గీశాక పూర్తిగా ఆరనిచ్చి అప్పుడు రంగు వెయ్యి. లేదా రంగంతా అయ్యాక చివర్న అవుట్‌లైన్ గీసుకో, నాకు ఆ పద్ధతే ఇష్టం. ఎక్కడ గీత అవసరం లేదో అప్పటికి తెలిసిపోతుంది.

ప్రశ్న: నేను మార్కర్లతో వేసిన రాధాకృష్ణుల బొమ్మ ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాం. ఏడాదికే రంగులు వెలిసిపోయాయి. ఫ్రేము తప్పా? పెన్నులు కూడా ఎండాకాలంలో త్వరగా ఎండిపోతున్నాయి. - నిజాంపేట

ఫ్రేము తప్పు కాదండి. ఈ మార్కర్లలో ఉండేది డై, అంటే ద్రవంలో పూర్తిగా కరిగిపోయే రంగు. కలపడానికి అంత అందంగా ఒదిగేది కూడా అందుకే. వెలుగుకి మాత్రం అది నిలవదు. ఎంత ఖరీదైన ఆల్కహాల్ మార్కరైనా అంతే.

నాకూ ఈ బాధ తెలుసు. ఒక ఆఫీసువాళ్లు అడిగితే వాళ్ల ముందుగదికి పెద్ద బొమ్మ వేసిచ్చాను, గోడమీదుగా వేలాడే కాగితపు పూలు, వెనక నీలి ఆకాశం. పడమటి కిటికీకి ఎదురుగా తగిలించారు. ఏడాదిన్నర తరవాత ఏదో పనిమీద వెళితే పూలు ఎక్కడా లేవు. ఆకులు ఉన్నాయి, గోడ ఉంది, పూలున్న చోట పాలిపోయిన మరకలు. వాళ్లు ఏమీ అనలేదు గానీ నేను ఆ రాత్రి నిద్రపోలేదు. గులాబీలు, ఊదాలు ముందు పోయాయి.

అప్పట్నించీ అసలు బొమ్మ ఫైల్లో చీకట్లో పెడతాను. బాగా స్కాన్ చేయించి, పిగ్మెంట్ ఇంకుతో ప్రింట్ తీయించి దాన్ని గోడకి పెడతాను. మీరు కూడా ఆ బొమ్మ ఇంకా పాలిపోకముందే ఇవాళే తీసి స్కాన్ చేయించండి. కంప్యూటర్ తెలిసినవాళ్లుంటే పోయిన రంగుని కొంత వెనక్కి తెస్తారు.

పెన్నుల సంగతికి వస్తే, మూత టక్‌మని శబ్దం వచ్చేదాకా నొక్కండి. రెండువైపులా నిబ్బులుంటే నిలబెట్టకండి, పడుకోబెట్టండి. నిలబెడితే ఇంకంతా కిందివైపుకి దిగి పైనిబ్ ఎండుతుంది. అటక మీదా, బండి డిక్కీలోనూ పెట్టొద్దు.

ప్రశ్న: మా అమ్మ బొమ్మ వేసి ఆమె అరవయ్యో పుట్టినరోజుకి ఇవ్వాలని ఉంది. అమ్మది చామనఛాయ కంటే కాస్త నలుపు. స్కిన్ టోన్ సెట్ అని కొంటే అన్నీ గులాబీరంగు, పీచురంగు. ముదురు గోధుమ వేస్తే మొహం మట్టిబొమ్మలా ఉంటోంది. నీడకి బూడిద వేస్తే జబ్బు మనిషిలా కనిపిస్తోంది. - సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గచ్చిబౌలి

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఈ ప్రశ్న నేను ఏళ్లతరబడి నన్ను నేనే అడుగుతున్నాను.

ఆ సెట్లలో చాలావాటిని తెల్లటి మొహాలకోసం పేర్చారు. మన మొహాలకి గోధుమ వరస కావాలి. కాపిక్‌లో ప్రతి రంగుకీ ఒక కోడ్ ఉంటుంది. ఇంగ్లీషు అక్షరం ఈ (E) ఉంటే మట్టిరంగుల కుటుంబం, చివరి అంకె పెరిగినకొద్దీ ముదురు. ఈ33, ఈ35, ఈ37 ఒకే వరసలో మూడు మెట్లు, అవి మీ అమ్మగారి మొహానికి మంచి పునాది. ఇంకా ముదురు కావాలంటే ఈ39 ఉంది. వేరే కంపెనీవైతే మూత చూసి కాదు, కాగితం మీద వేసి ఇలాంటి మెట్లు ఏరుకోండి. పసుపుకి దగ్గరగా ఉండే గోధుమలు చూడండి, గులాబీకి దగ్గరగా ఉండేవి కాదు.

మట్టిబొమ్మలా ఉండడానికి కారణం, మీరు మొహమంతా ఒకే ముదురుతో నింపడం. నల్లటి ఒళ్లు వెలుగుని తెల్లటి ఒళ్లు పట్టుకున్నట్టు పట్టుకోదు. దానిమీద వెలుగు మెరుపులా, అంచు కోసినట్టు పడుతుంది. అమ్మని పొద్దున పూట కిటికీ దగ్గర కూర్చోబెట్టి చూడండి. ముక్కు కొస, బుగ్గ ఎముక, నుదుటిమీద ఒక పాయ, కింది పెదవి మధ్యలో చిన్న చుక్క. ఈ నాలుగుచోట్లా వెలుగు దాదాపు తెల్లగా, కాస్త నీలంగా ఉంటుంది. వాటిని పెన్సిల్‌తో చుక్కలు పెట్టి గుర్తుపెట్టుకుని, అక్కడ కాగితాన్ని వదిలెయ్యండి. మిగతాదంతా మీకు భయమేసినంత ముదురుగా వెయ్యొచ్చు. ఆ నాలుగు వెలుగులూ ఉన్నంతసేపూ మొహం బతికే ఉంటుంది.

నీడకి బూడిద వద్దు, బూడిద పూసినట్టే ఉంటుంది. లేత ఊదా వాడండి, అదీ ముందే. గోధుమ వెయ్యకముందే కనుగుంటల్లో, ముక్కు పక్కన, గడ్డం కింద మెడమీద లేత ఊదా వేసి ఆరనివ్వండి. దానిమీద గోధుమ వేస్తే నీడ లోపల్నించి వచ్చినట్టుంటుంది. పెదవుల్ని ఉత్త ఎరుపుతో నింపకండి, గోధుమ మీద పల్చగా ఒక్క పొర ఎరుపు చాలు.

బొట్టు చివర్న పెట్టండి. ఎరుపు ఇంకు పక్కరంగులోకి పాకే దుర్మార్గం ఎక్కువ. బొట్టు చోటు ముందునుంచే ఖాళీగా ఉంచి, చుట్టూ వేసింది పూర్తిగా ఆరాక, అంచుకి వెంట్రుకవాసి లోపల ఆపి మధ్యనుంచి నింపండి, మిగతాది తనే పాకి నిండుతుంది. చెవికమ్మలకి బంగారురంగు పెన్ను అక్కర్లేదు. ముదురు పసుపు, గోధుమ, పక్కపక్కనే, మధ్యలో సూదిమొనంత తెలుపు. నెరిసిన జుట్టు ఉంటే దాచకండి. జుట్టుకి ముదురు నీలిబూడిద వేస్తూ ఆ పాయల్ని కాగితంగా వదలండి. విడి వెంట్రుకలు ఒకటి రెండు ఆఖర్న తెల్ల జెల్ పెన్నుతో గీయొచ్చు, కానీ దానిమీద మళ్లీ మార్కర్ ఆనించొద్దు, రంగు బురదై నిబ్ పాడవుతుంది.

చిత్రకారుడు తోట వైకుంఠం గారు వేసిన తెలంగాణ ఆడవాళ్ల బొమ్మల్ని ఎప్పుడైనా దగ్గరగా చూశారా? ఆ నల్లటి మొహాలు, పెద్ద బొట్లు, పక్కనే నిఖార్సైన ఎరుపు, పసుపు చీరలు. చీర ఎంత గట్టిగా పలికితే మొహం అంత నిండుగా కనిపిస్తుంది. అమ్మకి ఏ చీర వెయ్యాలో అక్కడ తెలుస్తుంది. మీకు దగ్గర్లోనే మాదాపూర్‌లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉంది, ఎవరి ప్రదర్శన ఉన్నా ఒక సాయంత్రం వెళ్లిరండి. ఫోన్లో చూసే రంగు వేరు, గోడమీద చూసే రంగు వేరు.

పుట్టినరోజుకి ఎన్నాళ్లుందో రాయలేదు. అసలు బొమ్మకి ముందు మూడు చిన్నవి, అరచేతి పరిమాణంలో, బూడిదరంగుల్లోనే వేసుకోండి. మూడో దాంట్లో అమ్మ కనిపిస్తుంది.

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. బ్యాంకులో రిటైరయ్యాను. చిన్నప్పుడు బొమ్మలంటే ప్రాణం, ఇన్నేళ్లూ కుదర్లేదు. ఇప్పుడు గీత గీస్తే చెయ్యి కొద్దిగా వణుకుతోంది. మనవరాలి మార్కర్లు చూస్తే ఆశ పుడుతోంది. ఈ వయసులో వస్తుందంటారా? - మల్కాజిగిరి

వస్తుంది సార్. వణుకు ఈమధ్యే మొదలై పెరుగుతున్నట్టుంటే ఒకసారి డాక్టరుకి చూపించుకోండి, అది వేరే సంగతి. బొమ్మకి మాత్రం అది అడ్డు కాదు.

పెన్సిల్ కంటే మార్కరే మీకు నయం. లావుగా ఉంటుంది, పట్టు దొరుకుతుంది. ఉలి నిబ్ వాడండి, ఒక్క లాగుడుకి వేలెడు వెడల్పు రంగు పడుతుంది, అందులో వణుకు కనపడదు. వేళ్లతో కాకుండా భుజంనుంచి లాగండి, మెల్లగా కాకుండా ఒక్క ఊపులో. వణుకంతా మెల్లగా గీసే సన్నగీతలోనే ఉంటుంది. అందుకని సన్నగీతతో మొదలుపెట్టొద్దు, అసలు గీతలే వద్దు.

మీ ఇంటికి దగ్గర్లోనే మౌలాలి గుట్ట ఉంది. పొద్దున ఏడింటికి, ఎండ పక్కనుంచి పడుతున్నప్పుడు, కిందే ఎక్కడైనా కుర్చీ వేసుకుని కూర్చోండి. మన ఊరి రాళ్లు 250 కోట్ల ఏళ్లనాటివి, గులాబీ, బూడిద కలిసిన గ్రానైట్. చేతికి వణుకున్నవాళ్లకి వాటికంటే మంచి గురువు లేదు, ఎందుకంటే రాయికి సరళరేఖ లేదు. గీత వంకరపోతే రాయి ఇంకా రాయిలా కనిపిస్తుంది.

మనవరాల్ని అడిగి వెచ్చటి బూడిద మూడు తీసుకెళ్లండి, లేత, మధ్య, ముదురు. కళ్లు సగం మూసి గుట్టని చూడండి. వివరాలు పోయి మూడే ముక్కలు మిగులుతాయి: ఎండ పడే పైభాగం, పక్క, బండల కింది చీకటి. ఎండ పడే చోటు కాగితం, అక్కడ ఏమీ వెయ్యకండి. పక్కభాగమంతా లేత బూడిద. అది ఆరాక, ఎండకి పూర్తిగా తిరిగిపోయిన చోట మధ్యది. బండ మీద బండ ఆనే సందుల్లో మాత్రం ముదురు, అదీ కొంచెమే. పావుగంట కంటే ఎక్కువ కూర్చోవద్దు, ఎండ మారిపోతుంది, నీడలు జరుగుతాయి.

ఇంటికొచ్చాక కావాలంటే లేత గోధుమ ఒక పొర ఎండవైపు అంచుల్లో తగిలించండి, ఆ గులాబీ ఛాయ వస్తుంది. మొదటి వారం అదీ వద్దు. నల్లపెన్ను అసలు తీసుకెళ్లకండి, చేతిలో ఉంటే చుట్టూ గీత గియ్యాలనిపిస్తుంది.

నాలుగైదు పొద్దులు అయ్యాక అన్నీ ఫొటో తీసి పంపండి, బాగా రానివి కూడా. ఏ బండమీద తెలుపు ఎక్కువ వదిలారో, ఎక్కడ తక్కువ వదిలారో చూసి వచ్చే నెల ఇక్కడే రాస్తాను.